పొడుగు కారులో మిగిలిన బరువు

ద్రాక్షారామం,
1997, మాఘ మాసం

గణేషూ,

నీ ఉత్తరం అందింది. ఒకే కాగితంలో "ఎలా ఉన్నావక్కా" అని మూడుచోట్ల అడిగావు. బాగానే ఉన్నానురా. అన్నం తింటున్నాను. కొబ్బరి దింపులు చూసుకుంటున్నాను. నన్ను ఓదార్చడానికి వచ్చి నాకంటే ఎక్కువ ఏడ్చేవాళ్ళకి కాఫీలిచ్చి, నేనే ఓదార్చి పంపుతున్నాను. గుత్తివంకాయ వాసన నాకు పడదని నీకు తెలుసుగా. మీ బావ కోసం ఇరవై ఏళ్ళు ముక్కు మూసుకుని వండాను. ఇక ఆ బాధ తప్పింది. నవ్వుదామని రాశాను గానీ, రాసేసరికి ఏడుపొచ్చింది.

అసలు రాయాలనుకున్నది కారు గురించి. ఆ తుఫాను రోజు రైళ్ళు ఆగిపోయి నువ్వు రాలేకపోయావు కాబట్టి నీకు కొన్ని సంగతులు తెలియవు. రాజమండ్రి ఆస్పత్రి నుంచి మీ బావని తీసుకొచ్చింది ఆయన పొడుగు కారులోనే. వెనక సీట్లన్నీ మడిచి, తివాచీ పరిచి పడుకోబెట్టాం. డ్రైవర్ లోవరాజు నడిపాడు. నేను ఆయన పక్కనే కూర్చుని వచ్చాను. ఇక్కడ వీధిలో మోకాల్లోతు నీళ్ళు. ఇంటి ముందు కాసేపు ఆపి నన్ను దించేశారు గానీ ఆయన్ని దించలేదు. "వానే స్నానం అనుకోండమ్మా" అన్నారు పురోహితులు గారు. అటునుంచి అటే తీసుకెళ్ళిపోయారు.

అప్పటినుంచీ కారు షెడ్డులోనే ఉంది. నిన్న తలుపు తీసి చూశాను. వెనకభాగం గేదె కూలబడ్డట్టు నేలకి దిగిపోయి ఉంది. ఖాళీ బండి, ఆ తివాచీ తప్ప లోపల చీపురుపుల్ల కూడా లేదు. మీ బావ మద్రాసులో కాన్సులేట్ వాళ్ళ వేలంలో దాన్ని కొన్నప్పుడు ఊరందరికీ ఏం చూపించారో గుర్తుందిగా? నలుగురు లావుపాటి మనుషుల్ని వెనక ఎక్కించి, ఇంజన్ వేసి, "చూడండి, చూడండి, జర్మనీ వాడి బుర్ర! కుంగిన బండి తనంతట తనే లేస్తోంది" అని మురిసిపోయేవారు. పోయిన ఏడాది నుంచి ఎందుకో ఆ ప్రదర్శన మానేశారు. ఓపిక తగ్గిందనుకున్నాను.

మా పెద్ద బావగారు దొరబాబు గారు రోజూ వచ్చి ఒకే పాట. "శవాన్ని మోసిన బండి గుమ్మంలో ఉండకూడదమ్మా. ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటున్నారు. "ఎందుకండీ, నేను నడుపుకుంటాను" అన్నాను. ఆయన మొహం నువ్వు చూడాల్సింది. ఏడాది తిరక్కుండా ఆడది కారెక్కి తిరిగితే గోదావరి వెనక్కి పారుతుందేమో మరి.

నువ్వు పూణెలో ఇలాంటి బళ్ళే బాగుచేస్తావుగా. ఖాళీ బండి ఎందుకు కుంగిందో చెప్పు. నడపొచ్చా?

అక్క,
రత్నమాణిక్యం

*

పూణె,
మార్చి 9, 1997

అక్కా,

నువ్వు లాంచీ నడుపుతానన్నా నేను అడ్డుచెప్పను. నిన్ను ఆపి గెలిచినవాడు మన ఇంటావంటా లేడు. శ్రీదుర్గ కూడా "వదినగారు నడుపుతారు, మీరు ఊరుకోండి" అంది.

భయపడాల్సిందేమీ లేదు. మామూలు బండి స్ప్రింగుల మీద నిలబడుతుంది. ఇది అలా కాదు. వెనక రెండు చక్రాల దగ్గరా నూనెతో పనిచేసే కాళ్ళున్నాయనుకో. ఇంజన్‌కి ఆనుకుని ఒక చిన్న పంపు ఉంటుంది. వెనక బరువు పడితే బండి కుంగుతుంది. ఇంజన్ నడుస్తుంటే పంపు ఆ కాళ్ళలోకి నూనె తోసి మళ్ళీ మట్టానికి లేపుతుంది. బరువు దించేస్తే ఉల్టా. కాసేపు వెనకభాగం ఎత్తుగా నిలబడి, నూనె వెనక్కి పోయాక మెల్లగా మామూలుకి వస్తుంది. అప్పాజీ బావ ఊరికే మురిసిపోలేదు, నిజంగా గొప్ప పనితనమది.

నెలలపాటు కదలకపోతే నూనె కారిపోయి కుంగడం మామూలే. బానెట్ ఎత్తి చూడు, మూత ఉన్న చిన్న నూనె డబ్బా కనిపిస్తుంది. అది ఖాళీ అయిపోయి ఉంటుంది. రాజమండ్రిలో నూనె దొరక్కపోతే నేను పంపుతాను.

నడిపేటప్పుడు తొందరపడకు. ఆరు సిలిండర్ల డీజిల్. తాళం తిప్పాక పసుపు లైటు ఆరేదాకా ఆగు. కాలు నొక్కగానే దూకదు, ముందు విని, ఆలోచించుకుని, అప్పుడు కదులుతుంది. ఒకసారి ఊపందుకుందంటే గుంతలు నీకు తెలియనివ్వదు. పెద్ద స్టీరింగ్, రెండు వేళ్ళతో తిరుగుతుంది. గేర్లు తనే మార్చుకుంటుంది. వెనక తలుపు మాత్రం గట్టిగా వేయకు. ఊరికే తాకిస్తే చాలు, లోపలున్న మోటారు గుర్రుమని లాక్కుంటుంది.

ఇచ్చేద్దామనుకుంటే చెప్పు. ఇక్కడ పాత బళ్ళు పోగుచేసే పార్శీ పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. కళ్ళకద్దుకుని తీసుకుంటారు.

తమ్ముడు,
గణేష్‌బాబు

*

ద్రాక్షారామం,
ఉగాది వెళ్ళిన వారం

గణేషూ,

నీ లెక్క మొదటి మెట్టులోనే తప్పింది. నూనె డబ్బా ఖాళీ కాలేదు. మెడదాకా ఉంది. మూత మీద దుమ్ము చూస్తే ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. సర్లెమ్మని ఇంజన్ వేశాను. పసుపు లైటు ఆరింది. కాసేపటికి వెనకభాగం మెల్లగా, మోకాళ్ళ మీద చేతులేసుకుని పెద్దాయన లేచినట్టు లేచింది. "అమ్మో, లేచిందమ్మా!" అంటూ బుజ్జమ్మ చాట అక్కడే పడేసింది. మా పనిమనిషి బుజ్జమ్మకి చీమ కుట్టినా ఊరంతా వినపడాలి.

ధవళేశ్వరం దాకా వెళ్ళొచ్చాను. ఏం బండిరా అది! కాలవ గట్టు మీద ఆ రోడ్డు ఎలా ఉంటుందో తెలుసుగా, బస్సులో వెళ్తే పళ్ళు ఊడి చేతికొస్తాయి. ఇందులో మడుగులో పడవలా పోయాను. లారీ ఎదురొస్తే నాకు గుండె దడ గానీ బండికి లేదు. ఇంజన్ చప్పుడు కూడా దూరంగా ఎవరో పిండి మర ఆడిస్తున్నట్టుంది. ఆనకట్ట దగ్గర ఆగి, నీళ్ళు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మీ బావ పోయాక నాకు ఊపిరాడింది అప్పుడే.

వచ్చేటప్పుడు జరిగింది చెప్తాను, నవ్వకు. అసురసంధ్య వేళ. ఊరి పొలిమేరలో శ్మశానం దారి చీలే మలుపుంది చూశావా, అక్కడ గేదెల మంద అడ్డొస్తే ఆగాను. లైట్లు వేసే ఉన్నాయి. ఉన్నట్టుండి వెలుగు దగ్గరికి, బండి ముక్కు కిందికి వచ్చేసింది. వెనకభాగం లేచిందన్నమాట. గేదెలు ఆగిపోయాయి. ఒక్కటీ కదలదు, అన్నీ నా బండి వెనక్కే చూస్తున్నాయి. కాసేపటికి వెనక దబ్బున కుంగింది. వెలుగంతా పైకి లేచి కొబ్బరి మట్టల్లో పడింది. తర్వాత వెనక తలుపు గుర్రుమని లాక్కుంది. నేను దాన్ని తియ్యనే లేదురా. అంతా అయ్యాక బండి మట్టానికి వచ్చింది, గేదెలు వాటి దారిన అవి పోయాయి.

అద్దంలో చూశాను. వెనక ఏమీ లేదు. ఇంటికొచ్చి మూడు చెంబుల నీళ్ళు తాగాను.

అక్క

*

పూణె,
ఏప్రిల్ 21, 1997

అక్కా,

నవ్వలేదు. నూనెలో గాలి బుడగ చేరితే ఒక్కోసారి అలా చేస్తుంది. వెనక తలుపు మోటారుకి ఒక చిన్న స్విచ్ ఉంటుంది, చెమ్మ పట్టి దానంతట అదే తిరిగి ఉంటుంది. అంతే.

అయినా ఒక పరీక్ష చెయ్యి. ఇంజన్ నడుస్తుండగా ఒక ధాన్యం బస్తా వెనక పెట్టించు. కుంగి, లేవాలి. బస్తా తీయించు. ఎత్తుగా నిలబడి, దిగాలి. రెండూ సరిగ్గా జరిగితే బండిలో లోపం లేనట్టే. పట్టపగలు చెయ్యి. పక్కన మనుషుల్ని పెట్టుకో.

పార్శీ ఆయనతో మాట్లాడాను. ఫొటో చూసి ముచ్చటపడ్డారు. వినాయక చవితి వెళ్ళాక డ్రైవర్‌ని పంపుతానన్నారు. దొరబాబు గారు చెప్పినట్టు ఇచ్చేయడమే మంచిదేమో. ఒక్కదానివే దాంతో ఏం అవస్థ పడతావు?

ఆ మలుపులో ఇంకెప్పుడూ ఆగకు. గేదెలుంటే హారన్ కొట్టు.

గణేష్

*

ద్రాక్షారామం,
జ్యేష్ఠ మాసం

గణేషూ,

బస్తా పెట్టించాను. కుంగింది, లేచింది. తీయించాను. ఎత్తుగా నిలబడింది, దిగింది. ఎంత ముద్దుగా చేసిందో చెప్పలేను, బుజ్జమ్మ చప్పట్లు కొట్టింది. కాబట్టి నీ గాలి బుడగని నువ్వే ఉంచుకో.

ఆ మలుపులో ఆగకన్నావు. వెళ్ళిన ప్రతిసారీ ఆగాను. నా సంగతి నీకు తెలియందా? ప్రతిసారీ అదే వరస. ముందు తేలికపడి లేస్తుంది. కొంచెంసేపు అలాగే ఉంటుంది. తర్వాత కుంగి, తలుపు లాక్కుని, మట్టానికొస్తుంది. నువ్వే రాశావుగా, బరువు దిగితే లేస్తుంది, బరువు ఎక్కితే కుంగుతుందని. నాకు ఇంజనీరింగ్ రాదు గానీ ఇది అర్థమైంది. ఎవరో దిగుతున్నారు. నిలబడి చూస్తున్నారు. మళ్ళీ ఎక్కుతున్నారు.

దొరబాబు గారిని అడిగాను. "బావగారూ, ఆ రోజు ఆయన్ని దింపుడు కళ్లం దగ్గర దించారా?" అని. ఆడవాళ్ళం అక్కడిదాకా రాము కదా, నాకెలా తెలుస్తుంది. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "దించడమేంటమ్మా, పాడె మీద ఉంటే దించుతారు. కారులో ఉన్నాడు కదా" అన్నారు.

"మరి చెవిలో పిలవలేదా?"

"ఆ వానలో ఆపితే చక్రాలు దిగబడిపోవూ! ఇంజన్ ఆగితే మళ్ళీ అందుకుంటుందో లేదో అని లోవరాజు గోల. ఏకంగా కట్టెల దాకా పోనిచ్చేశాం. నడిచి మోసేవాళ్ళకి కదా ఆ మజిలీ, కారుకి ఎందుకులే అనుకున్నాం" అన్నారు.

ఆ దించే చోటు ఎక్కడండీ అని అడిగాను. ఆ మలుపేనట.

ఆయన్ని తప్పుపట్టలేను. అంత వానలో తమ్ముణ్ణి మోసుకెళ్తున్న మనిషి ఏం ఆలోచిస్తాడు? కానీ చూడరా, ఇంటి దగ్గర దించలేదు, కళ్లం దగ్గర దించలేదు, పేరు పెట్టి ఒక్కరూ పిలవలేదు. మాసికాలకి కాకి ముట్టకపోతే తుఫానుకి కాకులు చచ్చిపోయాయేమో అనుకున్నాం. ఆయన ఇంకా కారులోనే ఉన్నారు. ఆ చోటు రాగానే, ఇప్పుడైనా పిలుస్తారేమోనని దిగి చూసుకుని, ఎవరూ పిలవక మళ్ళీ ఎక్కి పడుకుంటున్నారు.

ఇప్పుడు నా భయం ఒక్కటే. చవితి వెళ్ళాక మీ పార్శీ ఆయన డ్రైవర్ వస్తాడు. దొరబాబు గారు మాట ఇచ్చేశారు. బండితోపాటు ఆయన కూడా పూణె వెళ్ళిపోతే? భాష రాదు, మనిషి తెలియదు. అక్కడ ఆయన్ని పిలిచే దిక్కెవరు?

అక్క

*

పూణె,
జూలై 2, 1997

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

గాలి బుడగ అని రాసింది నిన్ను ఊరుకోబెట్టడానికి. బుడగ ఉంటే బండి వణుకుతుంది, అంతే. దిగి ఎక్కినట్టు చెయ్యదు. నీ ఉత్తరం చదవగానే నాకది తెలుసు. శ్రీదుర్గకి చెబితే, వదినగారికి అబద్ధం రాశారా అని నన్నే తిట్టింది.

అక్కా, దింపుడు కళ్లం అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. పాడె దించి మూడుసార్లు పిలిచేది ప్రాణం ఏమూలైనా మిగిలిందేమోనని. మన తాతయ్య చెప్పేవాడు గుర్తుందా, పట్టిసీమ అవతల ఒకాయన మూడో పిలుపుకి "ఆఁ" అన్నాడని, తప్పెట్లు ఆపేసి ఆయన్ని మళ్ళీ ఇంటికి తీసుకొచ్చారని. ఎక్కడో ఒకడు పలికాడని, ఊరూరా అందరూ పిలుస్తూనే ఉన్నారు. అది ఆశ పెట్టుకునే చోటు కాదక్కా, ఆశ వదిలేసే చోటు. నువ్వు వదిలేసే మనిషివి కాదు. అందుకే నాకు భయం.

చెయ్యాలనుకుంటే దొరబాబు గారి చేత పిలిపించు. పిలవాల్సింది మగవాళ్ళు. పురోహితుల్ని పెట్టుకో. నువ్వు మాత్రం ఒంటరిగా వెళ్ళకు. ఇక్కడ మా వర్క్‌షాప్‌లో సెలవు దొరకడం లేదు, లేకపోతే నేనే వచ్చేవాణ్ణి.

బావ పూణె వస్తే నేనున్నానుగా అని రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. క్షమించు.

గణేష్

*

ద్రాక్షారామం,
భాద్రపదం, చవితి నిమజ్జనం మర్నాడు

గణేషూ,

అయిపోయింది. బండి ఇందాకే వెళ్ళిపోయింది. డ్రైవర్ మంచివాడిలాగే ఉన్నాడు, అద్దాలు తుడిచి మరీ ఎక్కాడు.

దొరబాబు గారిని అడిగాను. "పోయినవాణ్ణి ఇన్ని నెలల తర్వాత పిలవడం ఏంటమ్మా, మంచిది కాదు" అన్నారు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మరింక బలవంతపెట్టలేదు. మాకు కొడుకు లేడు. ఇంకెవరున్నారు? మొన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నేనే తాళం తీసుకున్నాను. "ఎక్కడికండీ ఈ వేళప్పుడు" అని బుజ్జమ్మ గుమ్మానికి అడ్డం పడింది. దాన్ని కసిరి బయటపడ్డాను.

మలుపులో ఆపాను, ఇంజన్ ఆపలేదు. వెనక తలుపు నేనే పూర్తిగా ఎత్తాను. లోపల దీపం వెలిగింది. ఆయన పడుకున్న తివాచీ ఇంకా అలాగే ఉంది. దాన్ని బయటికి లాగి రోడ్డు పక్కన నేల మీద పరిచాను. దించడమంటే అంతకంటే నాకేం తెలుసు? గాలి లేదు. కాలవలో నీళ్ళు కదలడం లేదు. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి.

తివాచీ పక్కన కూర్చుని "ఏమండీ" అన్నాను. ఏమీ కాలేదు. మళ్ళీ "ఏమండీ" అన్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో నా ఏమండీకి ఆయన ఒక్క పిలుపుకి పలికిన పాపాన పోలేదు, ఇప్పుడు పలుకుతారా! ఇక మిగిలింది ఒక్క పిలుపు. అక్కడ పేరు పెట్టే పిలవాలి. నేను ఆయన పేరు ఏనాడూ పలికి ఎరగను. ఓటరు లిస్టు వాళ్ళు వచ్చి మీ ఆయన పేరేంటమ్మా అంటే పక్కింటావిడ చేత చెప్పించేదాన్ని. చెవి ఉండే చోటు చూసుకుని, వంగి, పిలిచాను. ఏమని పిలిచానో ఇక్కడ కూడా రాయలేను. నీకు తెలుసుగా.

వెనకభాగం లేచింది. ఎప్పటికంటే ఎత్తుగా లేచింది. వెలుగు బండి ముందు నేలకి ఆనింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తూనే ఉన్నాను, కుంగుతుందేమోనని. కుంగలేదు. ఉండి ఉండి, మెల్లగా మామూలు మట్టానికి దిగింది. నువ్వు రాసినట్టే, బరువు దించేసిన బండిలాగే. తలుపు దించి తాకించాను. గుర్రుమని లాక్కుంది.

ఇంటికి వచ్చాను. గుత్తివంకాయ కూర చేశాను. అన్నం తిని పడుకున్నాను. ఇన్ని నెలల్లో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

బండి వెళ్తుంటే ఏడుస్తాననుకుని దొరబాబు గారు పక్కనే నిలబడ్డారు. ఏడవలేదు. నాకింక దాంతో పని లేదు.

అక్క

*

పూణె,
అక్టోబర్ 6, 1997

అక్కా,

బండి క్షేమంగా చేరింది. పార్శీ ఆయన దాన్ని మా వర్క్‌షాప్‌కే పంపారు, ఒకసారి అంతా చూడమని. నేనే చూశాను. ఇప్పుడు రాసేది నిబ్బరంగా చదువు. కూర్చుని చదువు.

దానికి పంపు లేదు.

పాడైపోవడం కాదు, అసలు లేదు. పంపు ఉండాల్సిన చోట ఇనుపరేకు బిగించి ఉంది. గొట్టాల మూతులు మూసేశారు. వెనక చక్రాల దగ్గర నూనె కాళ్ళు తీసేసి, దళసరి స్ప్రింగులు, మామూలు షాకబ్జార్బర్లు పెట్టారు. నీ డబ్బాలో నూనె అందుకే తగ్గలేదు, అది ఎక్కడికీ వెళ్ళే దారి లేదు. ఆ బోల్టుల మీద నల్లమట్టి ఎండి గడ్డకట్టి ఉంది. ఉలితో కొడితేగానీ రాలేదు. అది ఆ తుఫాను రోజు మట్టి. దాని కిందున్న బోల్టుల్ని తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

లోవరాజుకి ఫోన్ చేశాను. ముందు నీళ్ళు నమిలాడు. తర్వాత చెప్పాడు. "అవునండి బాబూ, పోయినేడాది ఏసంగి ఎండల్లో అయ్యగారే పీకించేశారండి. సామాను దొరకలేదండి. అమ్మగారికి మాత్రం చెప్పొద్దన్నారండి. ఊరందరికీ చూపించుకున్నాక ఇప్పుడు పని చెయ్యట్లేదంటే, ముందు మీ అమ్మగారే నవ్వుద్దిరా అన్నారండి."

అక్కా, ఆ బండి తనంతట తాను లేవదు. లేవలేదు. బరువు పెడితే కుంగుతుంది, తీస్తే తేలుతుంది, అంతవరకే. మరి ఉగాదికి నువ్వు ఇంజన్ వేసినప్పుడు లేచిందేమిటి? బస్తా పెట్టించినప్పుడు ఎత్తిందెవరు? నాకు ఒక్కటే తోస్తోంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ దగ్గర పరువు పోకూడదని ఆయన కింద భుజం పెట్టి ఎత్తారనుకోనా?

ఇక్కడ నాలుగు రోజులుగా దాన్ని రకరకాలుగా నడిపి చూశాను. వెనక ఏమీ లేదు. ఖాళీ. నిజంగా ఖాళీ. ఒకసారి సందు మలుపులో ఇంజన్ నడుస్తుండగా బావా అని పిలిచాను కూడా. నన్ను చూసి వాచ్‌మన్ నవ్వాడు.

బండిలో లేరు. మరి అక్కడ దిగి ఎటు వెళ్ళారు?

ఇంకొకటి. నీ ఉత్తరం శ్రీదుర్గ రెండోసారి చదివి అడిగింది. నాకు తోచనే లేదు. గుత్తివంకాయ నువ్వు తినవుగా?

గణేష్

*

ద్రాక్షారామం,
ఆశ్వయుజం

గణేషూ,

పంపు సంగతి చదివి నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసి నా దగ్గర దాపరికమా! ఉత్తరం చేత్తో పట్టుకుని హాల్లోకి వెళ్ళి గట్టిగానే అడిగాను. తప్పు దొరికితే ఆయనెప్పుడూ అంతే, మాట్లాడరు. పడక్కుర్చీ మాత్రం కిర్రుమంది.

నీ దగ్గర ఒక్క మాట దాచాను. భయపడతావని రాయలేదు. ఆ సాయంత్రం మూడో పిలుపుకి "ఆఁ" అన్నారురా. అన్నం వేళ పేపరు చాటునుంచి అన్నట్టే, కాస్త విసుగ్గా. తర్వాతే బండి లేచింది.

పలికినవాణ్ణి కాటికి పంపుతారా? ఏం చేస్తారో నువ్వే రాశావుగా, తాతయ్య చెప్పాడని. ముందు తలుపు తీసి నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. దారిలో వద్దంటున్నా స్టీరింగ్ కొంచెం ఎడమకి లాగుతూనే ఉంది, నా డ్రైవింగ్ మీద ఆయనకెప్పుడూ నమ్మకం లేదు.

బుజ్జమ్మ పని మానేసింది. దొరబాబు గారు వీధి అరుగు దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళిపోతున్నారు. పోనీ. వంకాయల వాసన మళ్ళీ మొదలైంది, అదొక్కటే నాకు కష్టం.

సెలవు దొరికితే నువ్వూ, శ్రీదుర్గా రండి. మీ గది ఊడ్పించి ఉంచుతాను. వచ్చాక ఎక్కడైనా కూర్చో. హాల్లో పడక్కుర్చీలో మాత్రం కూర్చోకు.

అక్క